నాడె పిట్ట

ఆగస్టు 29, శనివారం

పోయిన దీపావళికి మార్కెట్టు సేఠ్ మా కొడుకు రామ్మోహన్‌కు ఇచ్చిన డైరీ ఇది. పైన లక్ష్మీదేవి బొమ్మ, లోపల తారీకులన్నీ గుజరాతీలో. కరోనా వచ్చిన మా ఆయనను ఆసుపత్రి నుంచి తెచ్చాక జ్వరం ఎంత, వేలికి తగిలించే మిషనులో అంకె ఎంత అని పూటపూటా రాయమన్నారు. ఇందులోనే రాశాను. ఇక రాయనక్కర్లేదు అన్నాడు డాక్టరు నిన్న ఫోనులో. అక్కర్లేదంటే బాగయినట్టా, రాసి లాభం లేదనా? అడిగేలోపే పెట్టేశాడు.

రాయడం మానితే ఏమన్నా అవుతుందేమోనని భయం. అందుకే రాస్తున్నాను. నేను చదివింది సిరిసిల్లలో ఐదో తరగతి దాకా. తప్పులుంటే ఉన్నాయి. కోడలు పద్మజ సూరత్‌లోనే పుట్టింది, తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. కొడుక్కు తీరిక లేదు. ఆయన లేచి కూర్చుని చదివే రోజు వస్తే చదవనీ. తిట్టనీ.

గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు చూసి వచ్చాను. ఖాడీ వాగు పొంగి వచ్చిన నీళ్ళు తీసినా గల్లీలో వాసన పోలేదు. ఈగలు. ఎన్ని ఈగలో. ఇవి ఏ రోగం తెస్తాయో.

ఆగస్టు 30, ఆదివారం

ఆయన ఇవాళ రెండు వేళ్ళు కుడి చెవి మీద పెట్టి నా ముఖంలోకి చూశాడు.

బిక్షపతి సంగతి అడుగుతున్నాడు.

మగ్గాల షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. దారం తెగితే ఒక సైగ, సేఠ్ వస్తుంటే మీసం దువ్వే సైగ. మనుషుల పేర్లూ సైగలే. బిక్షపతి చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. అందుకని చెవి మీద రెండు వేళ్ళు పెడితే బిక్షపతి. మాకు పెళ్ళయి సూరత్ వచ్చినప్పటి నుంచి వాళ్ళిద్దరివీ పక్కపక్క మగ్గాలు. ఆ చప్పుడుకే ఆయన చెవులు పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకుంటాడు.

ఇద్దరినీ ఒకే రోజు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన ఇంటికి వచ్చాడు. బిక్షపతి రాలేదు. ఊపిరితిత్తులు కుదుటపడేదాకా చెడు మాట చెవిన వెయ్యొద్దు అన్నారు డాక్టర్లు.

నేను మాస్కు కళ్ళ దాకా లాక్కున్నాను. నా మూతికి అబద్ధం చెప్పడం రాదు. చేత్తో రైలు చూపించాను. ఊరికి పోయాడని. ఆయన తల ఊపాడు.

నమ్మాడు. నమ్మే ఉంటాడు.

ఆగస్టు 31, సోమవారం

మా కిటికీకి ఎదురుగా, గల్లీ అవతల హంసాబెన్ మేడ. ఆమె ఇల్లు మాకంటే ఒక అంతస్తు తక్కువ, అందుకని ఆమె మేడ సరిగ్గా మా కిటికీ ఎత్తున ఉంటుంది. మొన్నటి నీళ్ళకు ఆమె గోధుమలన్నీ నానిపోయాయి. ఎండ కాస్తే మేడ మీద ఆరబోయడానికి నేను సాయం వెళ్ళాను.

ఆమె భర్త పోయి ఐదేళ్ళు. మనిషి పోతే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. మేడ మీద మేమిద్దరమే. ఊపిరాడక మాస్కు తీసేశాను. తీశాక ఆగలేదు. బిక్షపతి పోయాడని, శవం కూడా చూపించలేదని, ఆయనకు చెప్పకుండా ఎట్లా దాస్తున్నానో అంతా చెప్పి ఏడ్చాను. హంసాబెన్ నా చెయ్యి పట్టుకుని "రో లో మాసీ, రో లో" అన్నది. ఏడ్చెయ్యి అని.

ఆయనకు వినబడుతుందన్న బాధ లేదు. చెవులు బాగున్నవాళ్ళకే అంత దూరం వినబడదు. దిగి వస్తూ చూస్తే కిటికీలో ఆయన ముఖం. ఇటే చూస్తున్నాడు. చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు. నీరసం.

మనసు తేలికైంది.

సెప్టెంబర్ 1, మంగళవారం

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొద్దుటి నుంచీ అంతే. జావ తాగలేదు. మూడు బంతుల డబ్బా నోట్లో పెట్టుకుని గాలి పీల్చాలి, పీలిస్తే బంతులు లేవాలి. ముట్టుకోలేదు.

సెప్టెంబర్ 2, బుధవారం

గోడ వైపే.

ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశాను. ఘాటు రాలేదు. అంటే దిష్టి గట్టిగా ఉన్నట్టు. ఆ కిటికీ దగ్గర పడుకోబెట్టడమే తప్పయింది. గల్లీ వాళ్ళందరి చూపూ ఆయన మీదే.

డాక్టరు ఫోనులో కోపం చేశాడు. లేచి కూర్చోవాలి, నడవాలి, మెట్లెక్కాలి, లేకపోతే ఊపిరితిత్తులు అట్లాగే గట్టిపడిపోతాయి, మళ్ళీ పడక దొరుకుతుందని నేను మాటివ్వలేను అన్నాడు. రామ్మోహన్ వాళ్ళ నాయన ముందు కూర్చుని, మాస్కు కిందికి లాగి, పెదవులు బాగా కదుపుతూ చెప్పాడు.

"నాయినా, జర లేవే. నువ్వు లేవకపోతె మళ్ల దవాఖానే. గక్కడ మమ్ముల రానియ్యరు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ఆయనకు ఎవరి మాటా లేనట్టే. తలుపు వేసుకున్నట్టు.

సెప్టెంబర్ 3, గురువారం

గుజరాతీల శ్రాద్ధం రోజులు మొదలయ్యాయి. హంసాబెన్ మేడ గోడ మీద పళ్ళెంలో దూధ్‌పాక్ పాయసం, పూరీ పెట్టి "కాగ్‌వాస్! కాగ్‌వాస్!" అని కాకులను పిలిచింది. కాకులు రాలేదు. పావురాలు కూడా రాలేదు. ఈగలు వచ్చాయి, నల్లగా.

అప్పుడు చూశాను. కేబుల్ తీగ మీద ఒక పిట్ట.

పిచ్చుకంత ఉంది. పిచ్చుక కాదు. సన్నగా, నిటారుగా, స్కూల్లో నిలబెట్టిన పిల్లలాగా. బూడిద రంగు. ముక్కు సూదిలాగా. ఉన్నట్టుండి తీగ వదిలి పళ్ళెం మీదుగా ఒక చుట్టు చుట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది. వేరే చోట కాదు, లేచిన చోటే. మళ్ళీ పోయింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. పాయసం ముట్టదు, పూరీ ముట్టదు. మరి ఎందుకు పోతోంది?

అన్నం మాడింది. పద్మజ అన్నది, "అత్తమ్మా, గంట సేపు కిటికీకి ఆనుకుని ఏం చూస్తున్నారు?"

పెద్దల రోజుల్లో కాకి రాకుండా తెలియని పిట్ట వస్తే ఏమని అర్థం? ఎవరిని అడగాలి?

సెప్టెంబర్ 4, శుక్రవారం

తెలిసింది! ఈగలను తింటోంది. పాయసానికి ఈగలు, ఈగలకు పిట్ట. గాల్లోనే పట్టేస్తుంది. ముక్కు మూసుకున్న టక్కుమనే చప్పుడు నాకు వినబడింది. వినబడిందో, వినబడినట్టు అనిపించిందో.

ఇన్ని ఈగలు తింటే దానికేమీ కాదా?

సెప్టెంబర్ 5, శనివారం

పిట్టల నుంచి కూడా రోగం వస్తుందట. పద్మజ ఫోనులో ఎవరో పంపారు. ఇక చూడొద్దు అనుకున్నాను.

చూశాను. మాస్కు పెట్టుకుని చూశాను.

రొమ్ము మీద సన్నటి గీతలు ఉన్నాయి. పేల దువ్వెనతో గీసినట్టు.

ఆయన గోడ వైపే. ఒక ముద్ద.

సెప్టెంబర్ 6, ఆదివారం

ఇవాళ నాకు ఉండబట్టలేదు. ఎవరికో ఒకరికి చెప్పాలి. ఆయన భుజం తట్టాను. కళ్ళు తెరవలేదు. తట్టుతూనే ఉన్నాను. చివరికి విసుగుతో తెరిచాడు. తెరవగానే నేను అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటు పోనిచ్చి, ఇటు లాగాను. అటు, ఇటు. మగ్గంలో దారం మోస్తూ నాడె పరుగెత్తే సైగ.

ఆయన నుదురు ముడిపడింది. ఇంట్లో మగ్గం ఎక్కడిది అని.

"ఏంది?" అన్నాడు.

ఇన్ని రోజుల తరువాత మొదటి మాట. గొంతు గరగరమంది. నేను రెండు చేతులూ రెక్కల్లాగా ఆడించి, కిటికీ చూపించి, మళ్ళీ నాడె సైగ చేశాను. పిట్ట నాడెలాగా తిరుగుతోందని. ఆయన కాసేపు నన్నే చూశాడు. పిచ్చిపట్టిందేమోనని చూసినట్టు. ఆ తరువాత మోచేయి మీద లేచి కిటికీ వైపు తిరిగాడు.

తీగ మీద పిట్ట లేదు.

ఎంతసేపు చూసినా రాలేదు. దానికిదే పనా? రోజంతా ఉండేది ఇప్పుడే పోవాలా? ఆయన మళ్ళీ పడుకున్నాడు. కానీ గోడ వైపు కాదు. వెల్లకిలా.

సెప్టెంబర్ 7, సోమవారం

నేను వంటింట్లో ఉంటే ఏదో చప్పుడు. స్టీలు గ్లాసుతో మంచం పట్టీని కొడుతున్నాడు. ఏమయిందో అని పరుగెత్తాను, కాలి వేలు గడపకు తగిలింది. ఆయన లేచి కూర్చుని ఉన్నాడు! దిండు లేకుండా! కిటికీ ఊచలు పట్టుకుని.

అరచెయ్యి అటు, ఇటు.

ఇద్దరం చూశాం. ఆయన నాకంటే ముందు పసిగడుతున్నాడు. పిట్ట లేవబోయే ముందు తల కొంచెం పక్కకు వంచుతుందట. అప్పుడే తెలుస్తుందట ఇక పోతుందని. నేను ఇన్ని రోజులు చూసీ అది గమనించలేదు.

"పాడుతదా?" అన్నాడు.

లేదు, నోరు తెరవదు అన్నాను.

"మంచిదే. మనసొంటిదే."

రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. దిష్టి తీసిన గుణం ఇప్పుడు తెలుస్తోంది.

సెప్టెంబర్ 8, మంగళవారం

కూర్చున్నాడు. బంతులు కూడా పీల్చాడు. ఒకటే లేచింది. డబ్బా ఒడిలో పెట్టుకుని పిట్ట తీగ వదిలినప్పుడల్లా ఒకసారి పీలుస్తున్నాడు. అది తిరిగి కూర్చునే దాకా పట్టి ఉంచుతున్నాడు. ఇది ఎవరు చెప్పారు అంటే, ఎవరూ చెప్పలేదు, ఊరికే అన్నాడు.

ఊపిరి బిగబట్టడం మంచిదేనా? డాక్టరుకు ఫోను చేయించాను. మంచిదే అన్నాడట.

సెప్టెంబర్ 9, బుధవారం

హంసాబెన్ ఫోనుతో పిట్ట ఫోటో తీసి, వాళ్ళ అక్క కూతురికి పంపింది. ఆ పిల్ల బరోడాలో ఇట్లాంటివి చూస్తూ తిరుగుతుందట. జవాబు వస్తే గల్లీ మీదుగా మాకు అరిచి చెప్పింది.

"మాసీ, యే అప్‌నా నహీ హై. మెహమాన్ హై!"

మనది కాదు, చుట్టం. హిమాలయాల అవతల చలిదేశాల నుంచి వస్తోంది, ఆఫ్రికా పోతోంది. సముద్రం మీదుగా. ఇక్కడ ఆగింది తిని ఒళ్ళు చేసుకోవడానికే. కడుపు నిండగానే పోతుంది.

ఆయనకు చెప్పాను. అటక మీద నుంచి పాత అట్లాసు దించమన్నాడు, రామ్మోహన్ బడికి పోయేటప్పటిది. వేలు సూరత్ మీద పెట్టి నీలం రంగు మీదుగా జరిపాడు. చాలాసేపు జరిపాడు.

ఈ గుప్పెడంత ప్రాణానికి అంత నీళ్ళు దాటే ధైర్యం ఎక్కడిది? నాకు ఉధ్నా దాకా ఆటోలో పోవాలంటేనే రెండుసార్లు తాళం చూసుకోవాలి. దారి ఎవరు చెబుతారు? సముద్రంలో తీగలుండవు కదా, ఎక్కడ కూర్చుంటుంది? గాలివాన వస్తే?

తెల్లారి లేవగానే అదే ఆలోచన.

సెప్టెంబర్ 11, శుక్రవారం

కేబుల్ వాళ్ళు వచ్చి పాత తీగలన్నీ తెంపుకుపోయారు. నేను పై నుంచి అరిచాను. "వద్దురా, పిట్ట కూర్చుంటుంది" అని ఆ గాభరాలో హిందీలో ఎట్లా చెప్పాలో తోచలేదు. చెప్పినా వినేవాళ్ళా?

కిటికీలోంచి ఇప్పుడు ఖాళీ ఆకాశం. ఆయన చూసీ చూసీ పడుకున్నాడు. వెల్లకిలా కూడా కాదు.

గోడ వైపు.

సెప్టెంబర్ 12, శనివారం

పోలేదు! బట్టలు ఆరేయడానికి మా మేడ ఎక్కితే నీళ్ళ ట్యాంకు పక్క యాంటెన్నా మీద ఉంది. అదే. గీతలు అవే.

దిగి వచ్చి నాడె సైగ చేశాను. పైన అని చూపించాను. ఆయన మెట్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఇరవై మెట్లు ఎక్కగలిగే మనిషయితే ఈ బాధ ఎందుకు?

"కిందికి తోలుకరా," అన్నాడు.

"పిట్టనెట్ల తోలుకస్తనయ్యా? మేకనా?"

ఆయన పెదవి చివర కదిలింది. నవ్వని నేను అనను. కదిలింది.

సెప్టెంబర్ 13, ఆదివారం

నేను స్నానానికి పోయి వచ్చేసరికి మంచం ఖాళీ.

తడి జుట్టుతోనే పరుగెత్తాను. చూస్తే మెట్ల మలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు, రొప్పుతూ, చేతిలో మూడు బంతుల డబ్బా. ఇంతలో రామ్మోహన్ వచ్చి మా ఇద్దరినీ కలిపి తిట్టాడు.

"ఎవలెక్కుమన్నరు? పడితె ఎవలు దిక్కు? అమ్మా, నువ్వన్న చెప్పొద్దా?"

"నేను తానం జేస్తున్న బిడ్డా."

"పిట్టలంట, పిట్టలు! ఇంటికి పెద్దోళ్లు చేసే పనేనా ఇది?"

ఆయన కొడుకు మాట పూర్తిగా చూసి, ఆపైన నెమ్మదిగా అన్నాడు, "దవాఖానాయననే మెట్లెక్కుమన్నడు. నీకు జెప్పలేదా?"

రామ్మోహన్ వంగి వాళ్ళ నాయన చంక కింద చెయ్యి వేసి కిందికి దించాడు. వాడి మెడ వెనక చెమట. వాడూ భయపడుతున్నాడు. నేనొక్కదాన్నే అనుకుంటాను.

సెప్టెంబర్ 14, సోమవారం

సగం మెట్లు.

సెప్టెంబర్ 15, మంగళవారం

మెట్లన్నీ. మలుపులో ఒకసారి, పైన గడప మీద ఒకసారి కూర్చుని. పద్మజ ముందే కుర్చీ తీసుకుపోయి ట్యాంకు నీడలో వేసింది, గొడుగు కూడా పెట్టింది. వేలికి మిషను పెట్టాను. అంకె బాగానే ఉంది. మళ్ళీ పెట్టాను. "తియ్యవే, వేలూడుతది," అన్నాడు.

పిట్ట మాకు రెండు మంచాల దూరంలో కూర్చుంది. మనుషులంటే దానికి భయం లేనట్టుంది, లేక మేము మనుషుల్లాగా కనబడలేదో. దాని కన్ను నల్లగా, పెద్దగా, తడిగా ఉంది. ఆయనా నేనూ మాట్లాడుకోలేదు. షెడ్డులో లాగానే, వేలితోనే. అదుగో. ఇప్పుడు. పోయింది. వచ్చింది.

పడక పట్టకముందు కూడా మేమిద్దరం ఇంతసేపు ఒక్క చోట కూర్చున్నది లేదు.

బిక్షపతి సంగతి మళ్ళీ అడగలేదు. మరిచిపోయాడు. జ్వరం తరువాత మరుపు వస్తుందట, మంచిదే. చెప్పాల్సిన రోజు ఎంత వెనక్కి పోతే అంత మంచిది.

సెప్టెంబర్ 17, గురువారం

పెత్రమాస, పెద్దల అమావాస్య. ఇది పొడుగ్గా రాయాలి.

ప్రతి ఏడూ పెత్రమాసకు అయ్యగారిని పిలిచి పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. ఈ ఏడు అయ్యగారు గడప దాటడం లేదు. ఎంగిలిపూల బతుకమ్మ కూడా ఇవాళే, కానీ అధిక మాసమట, మిగతా బతుకమ్మ నెల తరువాతనట. అమ్మవారిని నెల రోజులు ఆగమంటే ఆగుతుందా? అన్నీ అడ్డదిడ్డమే. హంసాబెన్ చేసినట్టే మేడ మీద ఆకులు వేసి కాకులకు పెడదామని పద్మజ అన్నది. సరే అన్నాను.

రెండు ఆకులు వేశాను. అత్తకు ఒకటి, మామకు ఒకటి. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, గారెలు. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. నేను లేవబోతే నా చీర చెంగు పట్టుకుని లాగాడు.

రెండు వేళ్ళు చెవి మీద పెట్టాడు.

నేను మాస్కు కోసం చెయ్యి ఎత్తాను, పైకి లాక్కుందామని. మాస్కు లేదు. వంట తొందరలో కిందే మరిచి వచ్చాను. నా మూతి ఆయన ముందు బోసిగా ఉంది.

ఆయన వేళ్ళు చెవి మీద నుంచి తీసి, కింద ఆకుల పక్కన ఖాళీ చోటు చూపించాడు.

ఇంకొక ఆకు వెయ్యమని.

అక్కడే కూర్చున్నాను.

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"నువ్వే."

"నేనెప్పుడు చెప్పిన?"

ఆయన ఎదురు మేడ వైపు చెయ్యి చాపాడు. "గోధుమలు ఆరవోస్తుంటిరి. నీ మూతికి మాస్కు లేకుండె. గా కిటికీలకెళ్లి అక్షరమక్షరం కనవడ్డది."

"గంత దూరంకెళ్లా?"

"షెడ్డుల నువ్వు గా మూలకు కండెలు చుడుతుంటివి, నేను గీ మూలకు సాంచ మగ్గం కాడ. రోజు ఎట్ల మాట్లాడుకున్నమే? సాయంత్రం ఏం కూర అని ఎన్నిసార్లు అడిగిన? మర్శినవా?"

మరిచిపోయాను. ఆయనకు వినబడకుండా చూశాను గాని కనబడకుండా చూడలేదు. హిందీలోనే కదా చెప్పాను అని కూడా అనుకున్నానేమో. షెడ్డంతా హిందీయే. చెవులున్న వాళ్ళ భయం భయపడ్డాను. ఆ షెడ్డులో నేనూ పని చేసినదాన్నే.

ఆగస్టు ఆఖరి రోజు అది. మరునాటి నుంచే గోడ వైపు. నేను ఉప్పు, మిరపకాయలు తగలేశాను.

"మరి నన్నెందుకు అడగలె?" అన్నాను.

ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు గంత తిప్పలవడి దాస్తున్నవు. రైలు చూపిస్తివి, మూతి కప్పుకుంటివి. దాసుకోనీ తియ్ అనుకున్న. నాకెర్కయిందంటె నీకు ఇంకో రంది. నీకున్నయి సాలవా?"

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. వెచ్చగానే, జ్వరం కాదు. తరువాత చూశాను.

మూడో ఆకు వేశాను. బిక్షపతికి చింతకాయ తొక్కు ఇష్టం, కిందికి పోయి తెచ్చి పెట్టాను. ఆయన ఇంకా ఏదో తక్కువయినట్టు చూస్తున్నాడు.

"బీడీ," అన్నాడు.

ఎవరికి అని అడిగాను. ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. అయినా పద్మజను పంపి ఒక్కటే తెప్పించాను, అగ్గిపెట్టె తేవద్దన్నాను. ఆకు అంచున పెట్టాను.

కాకులు రాలేదు. ఈగలు వచ్చాయి. ఈగలు వచ్చాక యాంటెన్నా మీద నుంచి అది దిగింది. మొదటి ఆకు మీద కాదు, రెండో దాని మీద కాదు, బిక్షపతి ఆకు మీదనే ఒక చుట్టు చుట్టింది. టక్. పోయి కూర్చుంది. మళ్ళీ వచ్చింది. టక్.

ఆయన మోకాలు తట్టి అడిగాను. "ఏమయ్యా, ఆయననేనా? బిక్షపతేనా వచ్చింది?"

ఆయన పిట్టను చూశాడు. బాగా ఆలోచించాడు.

"బిక్షపతా? బతికినన్ని దినాలు వాడు గంత జల్ది కదిలిండా ఎన్నడన్న? దారం తెగితె బీడీ అయిపోయినంక గాని లేవకపోతుండె."

నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ నవ్వాడు, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అవి నవ్వువో మరి దేనివో నేను అడగలేదు. వీపు రాస్తూ కూర్చున్నాను. పద్మజ పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని చూసి, మెట్ల మీదే నిలబడిపోయింది.

సెప్టెంబర్ 18, శుక్రవారం

బీడీ ఆకు మీద లేదు. గాలికి పోయిందేమో. కాకి ఎత్తుకుపోయిందేమో. ఆయన చొక్కా జేబు వెతికాను. లేదు. దిండు కింద కూడా లేదు.

సెప్టెంబర్ 20, ఆదివారం

పిట్ట రాలేదు.

సెప్టెంబర్ 21, సోమవారం

రాలేదు. ట్యాంకు వెనక కూడా చూశాను. పిల్లి ఏమైనా పట్టిందా? ఈకలు లేవు.

సెప్టెంబర్ 23, బుధవారం

పోయింది. హంసాబెన్ అక్క కూతురు చెప్పిందట, ఇవి పోయేటప్పుడే ఇటు నుంచి పోతాయి, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువగా వేరే దారిన వెళతాయి అని. మళ్ళీ కనబడాలంటే వచ్చే ఏడు శ్రాద్ధం రోజులే.

ఆయనకు చెబితే దిగులుపడి మళ్ళీ గోడ వైపు తిరుగుతాడని చెప్పకూడదనుకున్నాను. అనుకోగానే నాకే సిగ్గేసింది. మాస్కు తీసి, ఎదురుగా కూర్చుని, అంతా చెప్పాను.

ఆయన అట్లాసు తెరిచాడు. నీలం రంగు మీద వేలు పెట్టాడు. "ఈపాటికి గిక్కడుంటది," అన్నాడు. ఎట్లా తెలుసు అంటే, తెలవదు, ఉండనీ అన్నాడు.

సాయంత్రం హంసాబెన్ మా మేడ ఎక్కి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "నర్సింగ్‌భాయ్, ఉదాస్ కేమ్?" అన్నది. దిగులెందుకు అని. ఇంకొకటి వస్తుంది చూడండి, నలుపూ తెలుపూ, తోక ఆడిస్తూ నేల మీద పరుగెత్తుతుంది, దీవాళీ ఘోడో అంటాం మేము, దీపావళి గుర్రం, అది వచ్చిందంటే దీపావళి వస్తున్నట్టే అన్నది. ఆయన ఆమె పెదవులను వదలకుండా చూశాడు.

ఆమె పోయాక అడిగాడు. "దీవాళెప్పుడు?"

ఇంకా రెండు నెలలుంది అన్నాను.

"అయితె అప్పటిదాక చూడాలె."

వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పుకుని కాసేపు నిలబడ్డాను.

సెప్టెంబర్ 26, శనివారం

బంతులు రెండు. మూడోది సగం.

తోక ఆడించే పిట్ట నాకు తెలుసు, మా మానేరు ఒడ్డున తిరిగేది. అది ఇంత దూరం నుంచి వస్తుందని చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. మా ఊరిదే అనుకున్నాను. ఇంకా ఏమేమి మా ఊరివి కావో.

అక్టోబర్ 1, గురువారం

గల్లీలో కూరల బండి వస్తే దిగాను. బండివాడి మాస్కు గడ్డం కింద ఉంది, చెప్పినా వినడు, అందుకని దూరం నిలబడి బీరకాయలు ఏరుతున్నాను. ఎవరో పిలిచినట్టు అనిపించింది. ఎవరూ పిలవలేదు. తల ఎత్తి చూశాను.

మా మేడ గోడ దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. నిలబడి. పక్కన ఎవరూ లేరు. పద్మజ గుడికి పోయింది, రామ్మోహన్ పనికి. ఒక్కడే అన్ని మెట్లూ ఎక్కాడు.

నా గొంతులోకి కేక వచ్చింది గాని అరిచి ఏం లాభం?

ఆయన చూపుడు వేలు కిందికి వేలాడదీసి, టకటకా పైకీ కిందికీ ఆడించాడు. తోక. ఆ తరువాత పెదవులు కదిపాడు. అంత కింద నుంచి, ఎండ కంట్లో పడుతుంటే కూడా నాకు అక్షరమక్షరం కనబడింది.

వచ్చింది. జల్ది రా.

బీరకాయలు తక్కెడలోనే వదిలేశాను. బండివాడు వెనక నుంచి ఏదో అంటున్నాడు.

గొడుగు లేకుండా ఎక్కాడు, చెప్పులు కూడా లేవు, కళ్ళు తిరిగి ఉంటే ఏమయ్యేది? రేపు గట్టిగా కోప్పడాలి. ఇవాళ వీలు కాలేదు. అది ట్యాంకు కింద కారిన నీళ్ళలో పరుగెడుతోంది, తోక ఒక్క క్షణం ఊరుకోదు. ఆ తోక నొప్పి పుట్టదా?